టైర్ ప్రెజర్ గేజ్: డిజిటలా.. అనలాగా? నల్గొండ, పాలమూరు ఎండల్లో ఏది కొంటే మంచిదంటే..

ఎండలు ముదిరాయంటే చాలు.. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, బెంగళూరు రోడ్డు మీద జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా పంచర్ షాపుల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది. "అన్నా, ఎండలు మండుతున్నయ్. రెండు పాయింట్లు తక్కువ కొట్టాల్నా?" చాలామంది "సరే, నీ ఇష్టం" అనేస్తారు. గాలి వేడెక్కి ఉబ్బుతుంది, టైర్ పేలుతుంది, అందుకే ముందే కొంచెం తగ్గిస్తే సేఫ్ అన్నది లెక్క. వినడానికి కరెక్ట్‌గానే ఉంది. కానీ అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

టైర్‌లో గాలి ఎంత ఉందో కచ్చితంగా తెలియాలంటే సొంత గేజ్ ఉండాల్సిందే. ఆన్‌లైన్‌లో చూస్తే వంద రూపాయల పెన్ను గేజ్ నుంచి వెయ్యి దాటిన డిజిటల్ గేజ్ వరకు బోలెడు కనిపిస్తాయి. మరి వీటిలో ఏది కొనాలి? డిజిటల్ అంటే కరెక్ట్, ముల్లు అంటే పాతకాలం అనుకోవచ్చా? ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో బండి నడిపేవాళ్లకు ఏది పనికొస్తుందో ఒకసారి చూద్దాం.

ఎండలో టైర్‌లో ఏం జరుగుతుంది?

మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. పాలమూరు వైపు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అంతే. కారు టైర్‌లో పొద్దున 25 డిగ్రీల దగ్గర 33 పాయింట్ల గాలి కొట్టించారనుకుందాం. (పాయింట్ అంటే పీఎస్‌ఐ. మన దగ్గర షాపుల్లో అందరూ పాయింట్లు అనే అంటారు.) బండి కదలకుండా అలాగే ఉంచినా సరే, మధ్యాహ్నం 45 డిగ్రీలకు టైర్ వేడెక్కితే అదే గాలి 36 చూపిస్తుంది. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తీయలేదు. 20 డిగ్రీల తేడాకి 3 పాయింట్లు దానంతట అదే పెరిగింది. లారీ టైర్‌లో 110 పాయింట్లు ఉంటే అదే 20 డిగ్రీలకు దాదాపు 8 పాయింట్లు పెరుగుతుంది. దీనిమీద బండి నడిస్తే టైర్ మడతపడుతూ ఇంకా వేడెక్కుతుంది కాబట్టి మరికొన్ని పాయింట్లు కలుస్తాయి.

ఇది కంపెనీవాళ్లకు తెలియని సంగతి కాదు. డ్రైవర్ డోర్ దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఉండే నంబర్ చల్లటి టైర్‌కి ఇచ్చిన నంబర్. నడిచాక పెరిగే పాయింట్లను లెక్కలో పెట్టుకునే ఆ నంబర్ ఇస్తారు. చల్లటి టైర్ అంటే బండి ఆపి కనీసం మూడు గంటలైనా అయి ఉండాలి, లేదా కిలోమీటరు, కిలోమీటరున్నర కంటే ఎక్కువ నడిచి ఉండకూడదు. ఎండ తగలకముందు పొద్దున్నే చూసుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలకు నార్కట్‌పల్లి దగ్గర ఆగి, గేజ్‌లో 38 చూసి భయపడి 33కి దించేశారనుకోండి. తెల్లారి చల్లబడ్డాక అదే టైర్‌లో 28, 29 ఉంటుంది. అంటే కంపెనీ చెప్పినదానికంటే నాలుగైదు పాయింట్లు తక్కువతో మళ్లీ రోడ్డెక్కుతారు. గాలి తక్కువైతే టైర్ పక్క గోడలు ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతాయి. వంగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది. రబ్బరుకీ లోపలి తీగల పొరకీ మధ్య పట్టు సడలుతుంది. నిండా మనుషులు, డిక్కీలో సామాను, కాలే రోడ్డు మీద వంద స్పీడు.. ఇవన్నీ కలిస్తే ట్రెడ్ ఊడిపోతుంది, లేదా టైర్ బరస్ట్ అవుతుంది. 'ఎక్కువ గాలికి పేలింది' అని మనం అనుకునే చాలా టైర్లు నిజానికి తక్కువ గాలికి పోయినవే.

నాలుగు పాయింట్లే కదా అని తీసిపారేయొద్దు

అమెరికాలో 2000 సంవత్సరంలో జరిగిన ఒక కేసు ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ నడుస్తుండగానే ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. 270 మందికి పైగా చనిపోయారు. లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. ఆ కారుకి ఫోర్డ్ సూచించిన ప్రెజర్ 26 పాయింట్లు, టైర్ కంపెనీ ఉండాలన్నది 30. టైర్ తయారీలో లోపం, కారు డిజైన్, గాలి ప్రెజర్.. ఎవరి తప్పెంత అని రెండు కంపెనీలు చాలాకాలం కొట్లాడుకున్నాయి. ఒక్క గాలి వల్లే అంతా జరిగిందని అనలేం. కానీ ప్రమాదాలు ఎక్కువగా నమోదైంది టెక్సాస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లో. వేడి, స్పీడు, లోడు, తక్కువ గాలి ఒకేచోట కలిస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసొచ్చింది.

ఆ తర్వాతే అమెరికాలో ట్రెడ్ చట్టం వచ్చింది. కొత్త కార్లన్నింటికీ టైర్ ప్రెజర్ మానిటరింగ్ సిస్టమ్, అంటే టీపీఎంఎస్ తప్పనిసరి చేశారు. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. అక్కడి రూల్ ప్రకారం సూచించిన ప్రెజర్ కంటే 25 శాతం తగ్గాక వార్నింగ్ లైట్ వెలిగితే సరిపోతుంది. అంటే 33 ఉండాల్సిన చోట దాదాపు 25కి వచ్చేదాకా లైట్ వెలగకపోవచ్చు. మన దగ్గర కూడా చాలా కొత్త కార్లలో టీపీఎంఎస్ వస్తోంది. లైట్ వెలగలేదు కదా అని గాలి కరెక్ట్‌గా ఉందనుకోవడం పొరపాటే. స్క్రీన్ మీద ప్రతి టైర్‌కీ విడిగా నంబర్ చూపించే రకమైతే కొంత నయం.

కంటితో చూసి చెప్పడం కూడా ఇప్పుడు కుదరదు. రేడియల్ టైర్ పక్కలు మామూలుగానే కొంచెం ఉబ్బి కనిపిస్తాయి. 33 ఉన్న టైర్, 26 ఉన్న టైర్ పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం. కాలితో తన్ని చూడటం గురించి చెప్పేదే లేదు.

ముల్లు ఎలా తిరుగుతుంది? నంబర్ ఎలా వస్తుంది?

అనలాగ్‌లో రెండు రకాలు. ఒకటి పెన్ను గేజ్. జేబులో పెట్టుకునే పెన్నులా ఉంటుంది. వాల్వ్ మీద నొక్కితే లోపలి గాలి ఒక స్ప్రింగ్‌ను నెడుతుంది, గీతలున్న పుల్ల బయటికొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో అదే రీడింగ్. రెండోది గుండ్రటి డయల్ గేజ్. ఇందులో చాలావాటిలో ఉండేది బోర్డన్ ట్యూబ్. వంకర తిరిగిన సన్నటి లోహపు గొట్టంలోకి గాలి వెళ్తే ఆ గొట్టం కొద్దిగా నిటారుగా అవుతుంది. ఆ చిన్న కదలికను పళ్ల చక్రాలు పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బోర్డన్ 1849లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో రైలింజన్లు, ఆవిరి బాయిలర్ల కోసం వాడారు. గాలి టైర్లు జనంలోకి వచ్చింది 1888లో డన్‌లప్ పేటెంట్ తర్వాతే. అంటే టైర్ కంటే ముల్లే ముందు పుట్టింది.

డిజిటల్ గేజ్‌లో ముల్లు, చక్రాలు ఉండవు. చిన్న సెన్సర్ చిప్ ఉంటుంది. గాలి ఒత్తిడికి అందులోని పల్చటి పొర వంగితే కరెంటుకి దాని అడ్డు మారుతుంది. ఆ మార్పును లెక్కగట్టి స్క్రీన్ మీద నంబర్ వేస్తుంది. బటన్ బ్యాటరీతో నడుస్తుంది.

'32.5' అని చూపిస్తే కరెక్ట్ అయిపోతుందా?

డిజిటల్ కొనేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. స్క్రీన్ మీద 32.5 అని పాయింట్ తర్వాత అంకె కూడా కనిపిస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. కానీ ఎంత చిన్న తేడాని చూపించగలదు అన్నది వేరు, చూపించింది ఎంత నిజం అన్నది వేరు. ప్యాకెట్ మీద ప్లస్ ఆర్ మైనస్ 1 పీఎస్‌ఐ అని రాసి ఉంటే, అసలు గాలి 31.5 నుంచి 33.5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ '.5' అలంకారమే.

అనలాగ్‌కి ఇంకో చిక్కుంది. డయల్ గేజ్ కచ్చితత్వాన్ని సాధారణంగా మొత్తం స్కేల్‌లో శాతంగా చెబుతారు. స్కేల్ 100 పాయింట్ల దాకా ఉండి, తేడా 2 శాతం అని రాస్తే అది మీ 30 పాయింట్లలో 2 శాతం కాదు. 100లో 2 శాతం. అంటే ఎక్కడ చూసినా 2 పాయింట్ల తేడా రావచ్చు. అదే 60 పాయింట్ల స్కేల్ ఉన్నదైతే తేడా 1.2 మాత్రమే. లారీ కోసం చేసిన 220 పాయింట్ల గేజ్‌తో కారు టైర్ చూస్తే నాలుగు పాయింట్లకు పైగా తేడా రావచ్చు. దీనికితోడు చాలా డయల్ గేజ్‌లు స్కేల్ మధ్యభాగంలో బాగా పనిచేస్తాయి, రెండు చివర్లలో కొంచెం తడబడతాయి.

కాబట్టి డయల్ కొంటే ఒకటే లెక్క. మీ టైర్‌లో ఉండాల్సిన గాలి స్కేల్ మధ్యలో పడాలి. 30, 35 పాయింట్ల కారుకి 60 స్కేల్ సరిగ్గా సరిపోతుంది. "పెద్దది తీస్కుంటే అన్నిటికీ పనికొస్తది కదా" అని 160 స్కేల్‌ది తీసుకుంటే ఆదా అయ్యేది ఏమీ ఉండదు. గీతలు కూడా దగ్గర దగ్గరగా ఉండి చదవడమే కష్టమవుతుంది.

ముల్లును పక్క నుంచి చూస్తే ఒకటి, ఎదురుగా చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఎదురుగానే చూడాలి. డిజిటల్‌లో ఈ గొడవ లేదు. చత్వారం ఉన్న పెద్దవాళ్లకు, రాత్రి దాబా దగ్గర ఆపి చూసుకునేవాళ్లకు వెనక లైటున్న స్క్రీన్ నిజంగానే వరం.

మన ఎండకు ఏది తట్టుకుంటుంది?

బయట 44 డిగ్రీలుంటే, అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు లోపల 60 దాటడం మామూలే. డ్యాష్‌బోర్డ్ మీదైతే ఇంకా ఎక్కువ. డిజిటల్ గేజ్‌ను అక్కడ వదిలేస్తే స్క్రీన్ నల్లబడి అంకెలు కనిపించవు. చల్లబడితే చాలాసార్లు మళ్లీ మామూలుగా అవుతుంది. కానీ బటన్ బ్యాటరీ ఆయుష్షు మాత్రం వేడికి తగ్గిపోతుంది. సెన్సర్ కూడా బాగా వేడిగా ఉన్నప్పుడు కొంచెం అటూ ఇటూ చూపించొచ్చు. ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల వరకు పనిచేస్తుందో రాస్తారు, కొనేముందు చూడండి. ఉంచాల్సింది సీటు కింద గుడ్డ సంచిలో. డ్యాష్‌బోర్డ్ మీద కాదు.

డయల్ గేజ్‌కి వేడి అంత పెద్ద శత్రువు కాదు. దాని శత్రువు కింద పడటం. చేతిలోంచి జారి సిమెంటు నేల మీద పడితే లోపల పళ్ల చక్రాలు కదిలిపోతాయి, ముల్లు సున్నా దగ్గరికి రాదు. చుట్టూ రబ్బరు తొడుగు ఉన్నది తీసుకుంటే కొంత కాపాడుతుంది. ముల్లు సున్నా మీద నిలబడకపోతే ఆ గేజ్‌ను నమ్మొద్దు. డయల్‌లో ఉన్న మంచి గుణం ఇదే, చెడిపోతే చాలాసార్లు ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. డిజిటల్ అలా కాదు. బ్యాటరీ పూర్తిగా పోతే స్క్రీన్ వెలగదు, అది తెలుస్తుంది. బ్యాటరీ వీక్ అయినప్పుడో, సెన్సర్ దెబ్బతిన్నప్పుడో మాత్రం తప్పు నంబర్‌ను కూడా అంతే ధీమాగా చూపిస్తుంది.

రెండింటికీ కామన్‌గా పోయేది ఇంకొకటుంది. వాల్వ్ మీద నొక్కే మూతిలో చిన్న రబ్బరు వాషర్. మన దుమ్ముకీ ఎండకీ అది గట్టిపడి పగులుతుంది. నొక్కినప్పుడు 'బుస్స్' మని గాలి పోతూనే ఉంటే రీడింగ్ తక్కువ చూపిస్తుంది. గేజ్ పాడైందనుకుని కొత్తది కొనేస్తారు చాలామంది. ముందు ఆ వాషర్ చూడండి.

లారీ, ట్రాక్టర్ వాళ్లకు లెక్క వేరు

మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి బియ్యం, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు నుంచి సిమెంటు.. ఈ రోడ్ల మీద లారీలకు కొదవలేదు. వెనక జంట టైర్లు ఉంటాయి. లోపలి టైర్ వాల్వ్‌కి చెయ్యి అందదు. డబ్బాలాంటి డిజిటల్ గేజ్ అసలు దూరదు. అందుకే పొడవాటి కాడ, చివర అటూ ఇటూ రెండు మూతులు ఉన్న పెన్ను రకం గేజ్ లారీలకు సరిపోతుంది. ఒక మూతి బయటి టైర్‌కి, రెండోది వెనక్కి తిరిగి లోపలి టైర్‌కి అందుతుంది. కార్ల కోసం చేసిన చవక డిజిటల్ గేజ్‌లు కొన్ని 100 పాయింట్ల దగ్గరే ఆగిపోతాయి. లారీ టైర్‌కి అవి పనికిరావు.

లారీ ఆపగానే క్లీనర్ రాడ్డుతోనో కట్టెతోనో టైర్ల మీద కొట్టి చప్పుడు వింటాడు. పూర్తిగా గాలి పోయిన టైర్ దొరకాలంటే అది మంచి పద్ధతే, దాన్ని మానేయమని ఎవరూ చెప్పరు. కానీ 110 ఉండాల్సిన చోట 90 ఉంటే ఆ చప్పుడులో తేడా తెలియడం కష్టం. జంటలో ఒకదానిలో గాలి తక్కువైతే దాని బరువు పక్కదాని మీద పడుతుంది. పేలేది ఆ రెండోదే కూడా కావచ్చు.

ట్రాక్టర్ సంగతి ఇంకోలా ఉంటుంది. పెద్ద టైర్లలో గాలి చాలా తక్కువ పాయింట్లు. పొలంలో ఒకలా, రోడ్డు మీద ట్రాలీ లాగేటప్పుడు ఒకలా ఉండాలి. 100 స్కేల్ గేజ్‌తో 14 పాయింట్లు చూడటమంటే క్వింటాళ్ల కాంటా మీద బంగారం తూచినట్టే. 30 పాయింట్ల లోపు స్కేల్ ఉన్నది విడిగా దొరుకుతుంది. పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపే అలవాటు కూడా మన దగ్గర ఉంది. అలాంటి టైర్‌కి గేజ్ పెట్టేముందు వాల్వ్ పైకి వచ్చేలా చక్రం తిప్పి ఆపాలి. కింద ఉన్నప్పుడు నొక్కితే నీళ్లు గేజ్‌లోకి వస్తాయి. డిజిటల్ అయితే సెన్సర్ పోతుంది, డయల్ అయితే లోపల తుప్పు పడుతుంది. నీళ్ల టైర్లకు తట్టుకునే గేజ్‌లు వేరేగా ఉంటాయి, షాపులో అలా అడిగి తీసుకోవాలి.

బైక్‌కి?

బైక్‌లో సమస్య చోటు. వెనక చక్రంలో చైన్ పళ్ల చక్రం, డ్రమ్ము అడ్డం వస్తాయి. ముందు డిస్క్ ప్లేటు. లావుపాటి డిజిటల్ గేజ్ మూతి వాల్వ్ మీద నిటారుగా కూర్చోదు, గాలి పోతుంది. వంకర మూతి ఉన్నది గానీ, చిన్న రబ్బరు గొట్టం ఉన్నది గానీ తీసుకుంటే మేలు. పెన్ను గేజ్ సులభంగా దూరుతుంది, రేటూ తక్కువ. కచ్చితత్వంలో మాత్రం మంచి డయల్ అంత నమ్మకం ఉండదు. ఒక్కడే వెళ్లినప్పుడు, వెనక ఇంకొకరు కూర్చున్నప్పుడు వెనక టైర్‌కి వేర్వేరు నంబర్లు ఇస్తారు చాలా కంపెనీలు. ఆ స్టిక్కర్ చైన్ కవర్ దగ్గరో, వెనక ఫోర్క్ మీదో ఉంటుంది.

బంక్‌లో గేజ్ ఉంది కదా.. ఇంకోటి ఎందుకు?

పెట్రోల్ బంక్‌లలో గాలి ఫ్రీగా కొట్టాలన్నది ఆయిల్ కంపెనీల మార్గదర్శకాల్లోనే ఉంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కానీ బంక్ దాకా వెళ్లేసరికి మీ టైర్ వేడెక్కుతుంది. ఇల్లు బంక్‌కి ఐదు కిలోమీటర్లుంటే అక్కడ చూసే నంబర్ చల్లటి నంబర్ కాదు. దీనికి సొంత గేజ్‌తో ఒక చిట్కా ఉంది. పొద్దున ఇంట్లో చూసుకుంటే ముందు ఎడమ టైర్ 29 ఉందనుకోండి, ఉండాల్సింది 33. తక్కువైంది 4. బంక్‌కి వెళ్లాక వేడికి అది 31 చూపిస్తే, అక్కడి నుంచి 4 కలిపి 35 దాకా కొట్టించాలి. 33 దగ్గర ఆపించారంటే రెండు పాయింట్లు పోయినట్టే.

ఇంకోటి. బంక్ దగ్గర గొట్టానికి ఉన్న గేజ్ రోజంతా నేలకు తగులుతూ, వందల చేతులు మారుతూ ఉంటుంది. 'బీప్' మనే ఆటోమేటిక్ డబ్బా కొంత మెరుగు, అయినా అదీ మెషీనే. మీ గేజ్‌తో రెండుమూడు సార్లు పోల్చి చూసుకుంటే 'ఈ బంక్‌ది రెండు ఎక్కువ చూపిస్తది' అని మీకే తెలిసిపోతుంది. మీ గేజ్‌నే అనుమానించాలనుకుంటే షోరూమ్ సర్వీస్ సెంటర్‌లో వాళ్ల గేజ్‌తో ఒకే టైర్ మీద వెంటవెంటనే చూపించి పోల్చండి. ఒక పాయింట్ తేడా అయితే పట్టించుకోవద్దు. మూడు వస్తే మార్చేయండి.

అసలు గేజ్‌తో వచ్చే లాభం చాలావరకు ఒకే గేజ్‌ను ప్రతిసారీ వాడటంలోనే ఉంది. మీది ఎప్పుడూ ఒక పాయింట్ ఎక్కువ చూపించేదే అయినా, పోయిన నెల 34 ఉన్నది ఈ నెల 30 అయిందంటే ఎక్కడో లీక్ ఉందని అది చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న టైర్ కూడా నెలకు ఒకట్రెండు పాయింట్లు మెల్లగా పోగొట్టుకుంటుంది. అంతకంటే వేగంగా ఒక్క టైర్‌లోనే తగ్గుతుంటే మేకో, వాల్వ్ పిన్నో చూడాలి.

మరి ఏది కొనాలి?

కారుండి, నెలకోసారైనా హైదరాబాద్‌కో శ్రీశైలానికో వెళ్లే ఇల్లయితే 60 పాయింట్ల స్కేల్, రబ్బరు తొడుగు, గాలి వదిలే బటన్, చిన్న గొట్టం ఉన్న డయల్ గేజ్ మొదటి ఛాయిస్. ఆ బటన్ ఉంటే వాల్వ్ మీద నుంచి తీయకుండానే ఎక్కువైన గాలిని కొంచెం కొంచెంగా వదలొచ్చు. మూడు నెలలు పక్కన పడేసి తీసినా బ్యాటరీ గోల ఉండదు. రాత్రి ప్రయాణాలు ఎక్కువైతే, చిన్న గీతలు కనిపించకపోతే డిజిటల్ తీసుకోండి, తప్పేం లేదు. అందులోనూ బ్యాటరీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి. సీఆర్ 2032 లాంటి మామూలు బటన్ సెల్ అయితే వాచీ షాపులో దొరుకుతుంది. మార్చడానికి వీల్లేకుండా మూసేసిన రకం జోలికి వెళ్లొద్దు.

డిజిటల్‌లో ఒక్కోసారి 2.3 అని కనిపిస్తే కంగారు పడకండి. అది బార్ లెక్క. ఒక బార్ అంటే 14.5 పాయింట్లు, 2.3 బార్ అంటే 33 పాయింట్లు. 230 అని కనిపిస్తే కిలోపాస్కల్, అదీ 33 పాయింట్లే. బటన్ నొక్కితే పీఎస్‌ఐకి మారుతుంది. లారీ, ట్రాక్టర్లకు మాత్రం పైన చెప్పినట్టు వాటి కోసం చేసిన అనలాగే సరైనది. నైట్రోజన్ కొట్టించాం, మాకు గేజ్ అక్కర్లేదు అనేవాళ్లు కూడా ఉంటారు. వేడికి నైట్రోజన్ కూడా మామూలు గాలిలాగే పెరుగుతుంది. కొంచెం మెల్లగా తగ్గుతుందేమో గానీ, చూడకపోతే తెలియదు.

సంక్రాంతికి కూడా చూసుకోవాలి

ఇదంతా ఎండాకాలం సంగతే అనుకుంటే జనవరిలో ఇబ్బంది పడతారు. అక్టోబర్ ఎండలో 30 డిగ్రీల దగ్గర 33 కొట్టించిన టైర్, సంక్రాంతి ముందు 15 డిగ్రీల చలి పొద్దున 31 కంటే కిందికి దిగుతుంది. మధ్యలో మూడు నెలలు మామూలుగా తగ్గేది కూడా కలిపితే 27, 28 దగ్గర ఉన్నా ఆశ్చర్యం లేదు. సరిగ్గా ఆ రోజే కుటుంబమంతా ఎక్కి, డిక్కీ నిండా సామానుతో పంతంగి టోల్‌గేట్ క్యూలో నిలబడతారు. టోల్ దాటగానే పోయిన టైమంతా వసూలు చేయాలని స్పీడు పెంచుతారు. బయల్దేరే రోజు పొద్దున్నే ఇంటి ముందే నాలుగు టైర్లూ చూడండి. ఫుల్ లోడ్‌కి స్టిక్కర్ మీద వేరే నంబర్ ఉంటే ఆ నంబరే పెట్టించండి.

స్టెప్నీని కూడా మర్చిపోవద్దు. డిక్కీలో ఏడాదిగా కదలకుండా ఉన్న టైర్ అవసరానికి తీసేసరికి 20 పాయింట్లు కూడా ఉండదు. కొన్ని కొత్త కార్లలో అసలు స్టెప్నీయే రావట్లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంచర్ రిపేర్ కిట్ ఉంటే మూడున్నర టన్నుల లోపు బండ్లలో స్టెప్నీ లేకపోయినా పర్లేదని కేంద్రం 2020లో రూల్ మార్చింది, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అలాంటి కారైతే కిట్‌తో వచ్చే చిన్న కంప్రెసర్‌కి ఉన్న గేజ్‌ను కూడా ఇంట్లో ఉన్నప్పుడే మీ గేజ్‌తో ఒకసారి పోల్చి పెట్టుకోండి. అర్ధరాత్రి దేవరకొండ దాటాక డిండి రోడ్డు మీద అదొక్కటే చేతిలో ఉంటుంది.